అద్దం వైపు ఎరుపు

బస్సు మలుపు తిరిగినప్పుడల్లా ఒక ఇనప గొట్టం వచ్చి నా మోకాలిని పలకరించి పోతోంది. కాసేపు ఊరుకున్నాను. బస్సుల్లో మోకాళ్లకు ఇలాంటి పరిచయాలు మామూలే. తర్వాత తలెత్తి చూశాను. యాభై దాటిన ఆవిడ నడవలో నిలబడి, తనకంటే పొడవైన ఒక మడత చట్రాన్ని, కళ్లు తిరిగిన చుట్టాన్ని పట్టుకున్నట్టు, రెండు చేతులా వాటేసుకుని ఉంది. చట్రానికి మూడు రెక్కలు, రెక్కలకు ఆకుపచ్చ గుడ్డ, గుడ్డ అంచున దగ్గర దగ్గరగా వేసిన కుట్టు.

"అమ్మా, అది మనిషా, సామానా?" అన్నాడు కండక్టరు.

"తలుపు" అంది ఆవిడ.

"తలుపైతే ఇంటికి ఉండాలి గానీ బస్సులో దానికేం పని?"

"ఉండాల్సిన చోట లేదనే తీసుకెళ్తున్నా."

"టాపు మీద వేయించండి."

"ఉతికి ఇస్త్రీ చేసిన గుడ్డ నాయనా. దుమ్ము కొట్టుకుపోతే నువ్వు ఉతికిస్తావా?"

వెనక సీట్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఉతకడం తన డ్యూటీలో లేదనుకున్నాడో ఏమో, కండక్టరు ముందుకు వెళ్లిపోయాడు. నేను కిటికీ వైపు జరగబోయాను.

"జరగక్కర్లేదు పెద్దాయనా. మీ కుడికాలు ఒక్కటి లోపలికి పెట్టుకోండి, చాలు."

పెట్టుకున్నాక గానీ నాకు తట్టలేదు. ఆవిడ నాకు ఎదురుగా ఉంది. ఎదురుగా నిలబడి కుడి అనేవాళ్లు సాధారణంగా తమ కుడే చెబుతారు. దారి చెప్పేవాళ్లంతా అలా చెప్పబట్టే నేను ఎన్నో ఊళ్లలో గోదాముల వెనకాలకీ, మూసేసిన ఫ్యాక్టరీ గేట్ల ముందుకీ చేరాను. తిరగడమే పనిగా పెట్టుకున్నవాడికి దారి తప్పడం పెద్ద నష్టమేమీ కాదు, అది వేరే సంగతి. ఈవిడ మాత్రం నా కాలిని నా వైపు నుంచి పిలిచింది. ఆ మాటే అన్నాను.

"అలవాటు" అంది. "మా పనిలో మన కుడికి విలువ లేదు. పడుకున్నవాళ్ల కుడే కుడి. అన్నం దగ్గర మా ఆయనకీ అంతే. 'నీ ఎడం పక్కనే ఉప్పుంది' అంటాను, ఆయన నా ఎడం పక్క వెతుక్కుంటాడు. దొరక్క చప్పగానే తినేస్తాడు. దాని పుణ్యమా అని బీపీ రాలేదు."

ఆవిడది గుండె కొట్టుకునే తీరును కాగితం మీద గీయించే పని, అంటే ఈసీజీ. చేతులకూ కాళ్లకూ బట్టల క్లిప్పుల్లాంటి నాలుగు పట్టుకర్రలు, ఛాతీ మీద ఆరు రబ్బరు బుడగలు పెట్టి మీట నొక్కితే మిషను గీతలు గీస్తుంది. ఆ బుడగల వల్ల ఆసుపత్రిలో ఆవిడకు బుడగలక్క అని పేరు పడిపోయింది. అసలు పేరు జీతం ఇచ్చేవాళ్లకు తప్ప ఎవరికీ అక్కర్లేకపోయింది.

అంతకు ముందు ఆవిడ బట్టలు కుట్టేది. వీధి మొదట్లో చిన్న కొట్టు, ఒక మిషను, ఒక బల్ల. కొలతలు తీసే మూల మాత్రం పాత దుప్పటితో కట్టిన తెర. ఒకరోజు కుడుతూ కుడుతూ కళ్లు తిరిగి పడిపోతే పెద్దాసుపత్రికి మోసుకెళ్లారు. గదులు ఖాళీ లేక నడవలో మంచం వేశారు.

"ఒకడొచ్చాడు. పేరడగలేదు, ఏం చేస్తాడో చెప్పలేదు. సోరకాయ తొక్కు తీసినట్టు గుడ్డ లాగేశాడు. అటూ ఇటూ జనం పోతూనే ఉన్నారు. చేతిలో క్యారేజీ పట్టుకుని ఒక పెద్దమనిషి ఆగి మరీ చూశాడు. నేను సీలింగు వైపు చూస్తూ పడుకున్నా. అక్కడ చెమ్మ మరక ఉండేది. ఇప్పుడు బొమ్మ గీయమన్నా గీస్తాను."

"తర్వాత?"

"తర్వాతేముంది, గుండెకేం లేదన్నారు. ఇంటికి పంపించారు. నాకు మాత్రం ఒకటే మాట తిరుగుతూ ఉండేది బాబాయ్‌గారూ. కుట్టుకొట్టులో కూడా తెర ఉంటుందే, ఇంత పెద్ద ఆసుపత్రిలో ఎందుకు లేదు?"

రెడీమేడ్ బట్టలొచ్చి కొట్టు మూతపడ్డాక, కూతురి ఈడు పిల్లల మధ్య కూర్చుని ఆవిడ సర్టిఫికెట్ కోర్సు చదివింది. క్లాసులో అమ్మమ్మ అని పిలిచేవారట. మనవరాళ్లకు ముందే అమ్మమ్మనయ్యానని నవ్వింది. పాసై, అదే పెద్దాసుపత్రిలో చేరింది. చేరిన వారంలోనే నడవలోని మంచాన్ని మెట్ల కింద ఉన్న చీపుళ్ల గదిలోకి లాగించి, చీపుళ్లను నడవలోకి తెప్పించింది. చీపుళ్లను ఎవరు చూసినా వాటికి సిగ్గు లేదు కదా, అని సూపరింటెండెంటుకు చెప్పిందట.

పని చేసే తీరు ఆవిడ తనకు తానే ఏర్పరచుకుంది. మనిషి మీద ముందు దుప్పటి కప్పాలి. చేతులు దుప్పటి కింద ఉండాలి, కళ్లు ఆ మనిషి ముఖం మీద ఉండాలి. ఎముకల మధ్య చోటు వేళ్లే చూసుకుంటాయి. అన్నిటికంటే ముఖ్యం, ఎవరి చెయ్యీ పట్టుకుని లాగకూడదు. "మీ కుడి చెయ్యి ఇలా ఇవ్వండమ్మా" అని అడగాలి. వాళ్లు ఇస్తే పుచ్చుకోవాలి.

ఇప్పుడు ఆవిడ ఆసుపత్రి పని మానేసి, వారానికి రెండు రోజులు ఒక ప్రైవేటు శిక్షణాలయంలో పాఠం చెబుతోంది. బోర్డు మీద 'అనుబంధ ఆరోగ్య కోర్సులు' అని ఉంటుందట. ఈ మాట దగ్గర నేను కాసేపు ఆగాలి. మన భాషలో అనుబంధం అంటే ఇద్దరి మధ్య ముడి, విడదీస్తే ప్రాణం పోయేంతటిది. పుస్తకాల్లో అనుబంధం అంటే వేరు. అది చివరి పుటల్లో చిన్న అక్షరాలతో అచ్చేసే భాగం, రాసినవాడు తప్ప ఎవడూ చదవడు. రక్తం తీసేవాళ్లు, ఎక్స్‌రే తీసేవాళ్లు, డయాలిసిస్ మిషను దగ్గర గంటలకొద్దీ నిలబడేవాళ్లు, వీళ్లందరికీ ఈ పేరు పెట్టినవాడు మొదటి అర్థం అనుకునే పెట్టి ఉంటాడు, మంచివాడు. వ్యాపారం చేసేవాళ్లు మాత్రం రెండో అర్థాన్నే ఖాయం చేసుకున్నారు. చదవనక్కర్లేని పుటలు ఎలా అచ్చేస్తే ఏం అన్నట్టే ఈ పిల్లలను తయారు చేస్తున్నారు.

"మా డైరెక్టరుకి ఒక అద్దాల గది ఉంది" అంది బుడగలక్క. "రోడ్డు మీదికి. పక్కన సోఫాల షాపు. సోఫాలకీ అద్దమే, మాకూ అద్దమే. మంచం, మిషను, మంచం మీద ప్లాస్టిక్ బొమ్మ, అన్నీ రోడ్డు మీద పోయేవాళ్లకి కనబడాలి. కనబడితేనే పిల్లలు చేరతారట. ఎదురుగా బస్టాపు."

"బొమ్మే కదమ్మా."

"పాఠానికి బొమ్మ. పరీక్షకి మనిషి కావాలి. పేషెంట్లను ఎవరు తెస్తారు? అందుకని అమ్మాయిలనే ఒకరి తర్వాత ఒకరిని పడుకోబెట్టారు. ఆ అద్దాల గదిలోనే. నేను ఆ రోజు లేను. మిగతావాళ్లు కళ్లు మూసుకుని పడుకున్నారు. ఒక్కతి పడుకోనంది. తెర వేస్తే పడుకుంటానంది."

ఆ పిల్లను అందరూ గుసగుస అంటారు. గొంతు అంత చిన్నది. బేకరీలో డబ్బాలు సర్దే పని చేసుకుంటూ చదివింది. పరీక్ష పాసైతే వాళ్ల ఇంటి దగ్గరి క్లినిక్‌లో ఉద్యోగం సిద్ధంగా ఉంది. క్లినిక్ డాక్టరమ్మ ఈ పూటదాకా ఆగుతానంది, ఆపైన ఇంకొకరిని పెట్టుకుంటుంది. డైరెక్టరు ఆ పిల్లను ఫెయిల్ చేశాడు. ఆరోగ్యరంగంలో సిగ్గు పనికిరాదన్నాడు.

"నేను వెళ్లి అడిగాను. సిగ్గుపడక్కర్లేకుండా ఉండాలంటే చూసేవాళ్లు చూడటం మానాలి సార్, పడుకున్నవాళ్లు సిగ్గుపడటం కాదు, అన్నాను. ఆయన కుర్చీ అటూ ఇటూ తిప్పుకున్నాడు. చివరికి, జ్వరంతో రానివాళ్లకి ఇవాళ మళ్లీ పరీక్ష ఉంది, ఆ పిల్లనీ రమ్మనండి, పేషెంటును మీరే తెచ్చుకోండి, అదే గది, అన్నాడు. పేషెంటుని నేనే. తెర వద్దని ఆయన అనలేదు, నేనూ అడగలేదు."

చట్రం వాళ్లాయన అతికాడు. బస్సు డిపోలో మెకానిక్కు. పాత మంచం గొట్టాలు కోసి చేశాడట. "ఆయన జన్మలో నిటారుగా నిలబెట్టిన వస్తువు ఇదొక్కటే" అంది. గొంతులో మెప్పు దాగలేదు.

నాకు ఆ ఊళ్లో దిగే పని లేదు. దిగాను. చట్రానికి రెండో కొస పట్టుకున్నాను.

ఆ శిక్షణాలయం ఆవిడ చెప్పినట్టే ఉంది. హాల్లో కుర్చీలు, కుర్చీల్లో పిల్లలను చేర్పించడానికొచ్చిన అమ్మానాన్నలు. గోడ నిండా కోర్సు పూర్తి చేసినవాళ్ల ఫొటోలు. అందరూ తెల్లకోటు తొడుక్కుని, మెడలో స్టెతస్కోపు వేసుకుని, ఒకే వైపు చూస్తూ నవ్వుతున్నారు. వాళ్లెవరి పనిలోనూ స్టెతస్కోపు లేదు. దగ్గరికి వెళ్లి చూస్తే, ప్రతి కోటు జేబు మీదా అదే చోట అదే సిరా మరక. అందరూ పూర్తి చేసింది ఆ ఒక్క కోటులోనన్నమాట. పొట్టివాళ్లకు చేతులు మడిచి, పొడుగువాళ్లకు గుండీలు వదిలేసి. వీళ్లిప్పుడు ఎక్కడున్నారని ఒకమ్మాయిని అడిగాను. ఫలానా ఆమె ఫోన్ కవర్ల షాపులో ఉందని, ఫలానా అతను ఆసుపత్రిలోనే ఉన్నాడని, కాకపోతే స్ట్రెచర్ తోస్తున్నాడని చెప్పింది. చదువు కోసం వాళ్లు రెండేళ్లు పని మానుకున్నారు. ఇంట్లోవాళ్లు తమ అవసరాలు మానుకున్నారు. ఇక్కడివాళ్లు మాత్రం ఇంకో కోటు కుట్టించడం కూడా దండగనుకున్నారు. అప్పటిదాకా నాకు కాళ్లే నొప్పి. ఇప్పుడు పళ్లు నూరుకుని దవడలు కూడా నొప్పెట్టాయి.

గది తలుపు తెరిచే ఉంది. బుడగలక్క లోపలికి పోయి ప్లాస్టిక్ బొమ్మను ఎత్తి మూల నిలబెట్టింది. మంచం ఉన్నది ఉన్నట్టుంటే తెర రెక్కలు తెరుచుకోవడం లేదు, తల వైపు గోడకు తగులుతోంది. అందుకని మంచాన్ని తిప్పించింది. తల ఉండే చోటికి కాళ్లు, కాళ్లుండే చోటికి తల. తెర నిలబడింది. అద్దం బయట ఆగినవాళ్లకు ఆకుపచ్చ గుడ్డ తప్ప ఏమీ కనబడక, ఒకరిద్దరు వేళ్లతో అద్దాన్ని తట్టి చూసి వెళ్లిపోయారు.

హాల్లో గుసగుస, జ్వరం నుంచి లేచిన ఇంకో అమ్మాయి, గోడకు చేరబడి పాఠం వల్లె వేస్తున్నారు. మిగతా రోజుల్లో చెప్పే కుర్ర మాస్టారు నేర్పిన పద్యమట.

"అద్దం వైపు ఎరుపు, గోడ వైపు పసుపు. అద్దం వైపు ఎరుపు, గోడ వైపు పసుపు."

"అంటే ఏంటమ్మా?" అన్నాను.

"ఎర్ర పట్టుకర్ర కుడి చేతికి, పసుపుది ఎడమ చేతికి తాతగారూ. బొమ్మకి కుడి చెయ్యి అద్దం వైపు ఉంటుంది."

బాగుందన్నాను. బుర్ర ఉన్నవాడెవడైనా ఆ క్షణంలో లేచి లోపలికి పరిగెత్తాలి. నేను పద్యంలో ప్రాస లేదే అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

పరీక్షకొచ్చిన గుండె డాక్టరు నిద్ర చాలనివాడిలా ఉన్నాడు. డైరెక్టరు వెంటే వచ్చి తెరను చూసి ఆగిపోయాడు.

"ఇదేంటి మేడమ్, డాక్టరుగారు చూడాలి కదా."

"ఏం చూడాలి?" అన్నాడు డాక్టరు కుర్చీలో కూలబడుతూ. "నాకు కాగితం కావాలి. మిషను ఇటుపక్క పెట్టండి. తీగలు గుడ్డ కింద నుంచి పోతాయి. అమ్మాయీ, మొదలుపెట్టు."

డైరెక్టరు హాల్లోకి వచ్చి నా పక్కనే నిలబడ్డాడు. నాకు కనిపిస్తున్నది డాక్టరు, మిషను, తెర. తెర వెనక దుప్పటి దులిపిన చప్పుడు. ఆపైన ఏమీ వినబడలేదు. గుసగుస బయటికొచ్చి మీట నొక్కింది. కాగితం వచ్చింది, చింపి ఇచ్చింది. డాక్టరు దాన్ని దగ్గరికి, దూరానికి పెట్టి చూశాడు.

"మొదటి గీతే తలకిందులుగా ఉంది. ఈవిడకి గుండె కుడి పక్కనుందా, నువ్వేమైనా తిరగేశావా?"

"పద్యం ప్రకారమే పెట్టాను సార్."

"ఏం పద్యం?"

డైరెక్టరు నాలుక చప్పరించాడు. "చూశారా" అన్నాడు నాతో, నేనేదో ఆయన పక్షమైనట్టు. అప్పుడు తట్టింది నాకు. మంచం తిరిగింది, పద్యం తిరగలేదు. ప్లాస్టిక్ బొమ్మను రోడ్డుకు చూపించుకోవడానికి ఒకే వైపు పడుకోబెట్టి, ఆ పిల్లలకు మనిషి కుడిచేతిని కాకుండా షాపు అద్దాన్ని నేర్పించారు. రేపు ఏ ఆసుపత్రిలోనో అద్దం ఉండదు. గుండె బాగున్నవాడి కాగితం తలకిందులుగా వస్తుంది. తిట్లు తినేది ఈ పిల్ల, ఈ సోఫాల బేరగాడు కాదు.

తెర వెనక బుడగలక్క ఉంది. ఆవిడకు తన ఏ చేతికి ఏ రంగు తగిలిందో తెలుసు. ఒక్క మాట చాలు. కానీ పరీక్షలో పేషెంటు మాట్లాడకూడదు. ఊళ్లో ఎవరికీ తగ్గని మనిషి, నోరు కట్టుకుని, దుప్పటి కింద కదలకుండా పడుకుని ఉంది. ఆ కాసేపు ఆవిడ గుండెను మిషనుకు పెడితే కాగితం చిరిగిపోయేది.

"ఇంకోసారి చూసుకుంటావా, రాసెయ్యమంటావా?" అన్నాడు డాక్టరు.

"చూసుకుంటాను సార్."

ఆ పిల్ల తెర వెనక్కి వెళ్లింది. పట్టుకర్రలు విప్పిన చప్పుడు. తర్వాత, చెవి రిక్కిస్తే గానీ అందని గొంతు:

"అమ్మా, మీ కుడి చెయ్యి ఇలా ఇవ్వండి."

దుప్పటి కదిలింది.

"అయ్యో" అంది ఆ గొంతు తనలో తనే. మళ్లీ, "ఇప్పుడు ఎడమ చెయ్యి ఇవ్వండమ్మా. చల్లగా తగులుతుంది, భయపడకండి."

రెండో కాగితాన్ని డాక్టరు ఒక్క చూపు చూశాడు. "సరిగ్గా ఉంది. పాస్. తప్పు నీకు నువ్వే పట్టుకున్నావు, బాగుంది. ఆ పద్యం మర్చిపో. ఆ తెర ఎవరు తెచ్చారో గానీ, మంచి పని."

ఆ చివరి మాట వినగానే డైరెక్టరు మనిషి మారిపోయాడు. హాల్లో కూర్చున్న అమ్మానాన్నల వైపు తిరిగి, "చూశారుగా, మా దగ్గర తెర సౌకర్యం కూడా ఉంది. ఈ ఊళ్లో ఇంకెక్కడా ఉండదు" అన్నాడు. సిగ్గు పనికిరాదన్న నోరే అది. నేను చాలా దేశాలు తిరిగాను, చాలా రకాల దొంగతనాలు చూశాను. ఒక మనిషి కోపాన్ని కూడా దొంగిలించి షాపులో పెట్టుకున్నవాణ్ణి అక్కడే చూశాను.

ఈలోగా బుడగలక్క గుండీలు పెట్టుకుని బయటికొచ్చింది. జ్వరం నుంచి లేచిన అమ్మాయి పరీక్షకు వెళ్లింది. ఆమె కోసం వాళ్ల వదిన పడుకుంది. గుసగుస తెర దగ్గర సాయంగా నిలబడింది. డైరెక్టరు గదిలోకి వచ్చాడు.

"మేడమ్, ఈ తెర ఇక్కడే ఉంచేద్దాం. కాకపోతే ఒక రెక్క కాస్త ఇటు జరిపితే, మంచం, మిషను రోడ్డుకి కనబడతాయి" అంటూ అద్దం వైపు రెక్క పట్టుకున్నాడు.

బుడగలక్క నోరు తెరిచింది. ఆవిడ అనబోయిన మాట ఏమిటో నాకు ఎప్పటికీ తెలియదు. అంతకు ముందే గుసగుస ఆ రెక్కకు అవతలి గొట్టం పట్టుకుంది.

"లోపల మనిషి ఉంది సార్."

"రెండు నిమిషాలేనమ్మా. ఫొటో తీసి..."

"లోపల మనిషి ఉంది. వదలండి."

హాల్లో కుర్చీలన్నిటికీ వినబడింది. ఒక తండ్రి చదువుతున్న పేపరు దించాడు. డైరెక్టరు డాక్టరు వైపు చూశాడు. డాక్టరు కళ్లు మూసుకునే, "కాగితం రావాలండీ, అడ్డు లేవండి" అన్నాడు. డైరెక్టరు చెయ్యి గొట్టం మీద నుంచి మెల్లగా జారింది. ఎవరో పిలిచినట్టు హడావుడిగా హాల్లోకి వెళ్లిపోయాడు. గుసగుస రెక్కను మునుపటికంటే ఇంకాస్త దగ్గరగా లాగింది.

ఆ పిల్ల తిరిగి చూసి, "అక్కా" అంది. నేనూ తిరిగి చూశాను. తలుపు పక్కన బుడగలక్క విడిచిన చెప్పులు లేవు. ఎవరితోనూ ఒక్క మాట లేదు. పాసైన పిల్లతో లేదు, పరీక్ష పెట్టిన డాక్టరుతో లేదు, చట్రం రెండో కొస మోసిన నాతో అసలే లేదు.

తెరకు ఈ పక్క మిగిలిన అద్దంలోంచి రోడ్డు కనిపిస్తోంది. ఆవిడ బస్టాపు దాటి పోతోంది. పొద్దుట్నుంచీ బరువు మోసిన చేతులు ఖాళీగా ఉండటం అలవాటు లేనట్టు, వాటిని గట్టిగా ఊపుకుంటూ నడుస్తోంది. సోఫాల షాపు ముందు నుంచి వెళ్తూ కూడా ఇటు చూడలేదు. మలుపు తిరిగేదాకా చూశాను. ఆ అద్దం వల్ల నాకు తెలిసి జరిగిన మంచి పని అదొక్కటే.